మధ్యలో ఆ నెల రోజులు ఏం జరిగింది?

సివిల్స్ మొదటి అటెంప్ట్‌లో వరల్డ్ హిస్టరీ అంటేనే నాకు టెన్షన్. మెయిన్స్ జనరల్ స్టడీస్ (జీఎస్) పేపర్ 1లో దీని నుంచి ఒకటో రెండో ప్రశ్నలొస్తాయి, చదవాల్సింది మాత్రం పద్దెనిమిదో శతాబ్దం నుంచీ. తేదీలన్నీ చార్టు మీద రాసి గోడకి అంటించాను. ఫ్యాన్ గాలికి అది రెపరెపలాడేది, నా బుర్రలో తేదీలూ అంతే.

ఒక మాక్ టెస్టులో మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు అడిగారు. కూటములు, సామ్రాజ్యవాదం, ఆయుధ పోటీ, సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య అని గబగబా పాయింట్లు రాసేశాను. 15కి 4 వేశారు. పేపర్ దిద్దినాయన పక్కన ఎర్ర పెన్నుతో 'హత్య జూన్ 28న, యుద్ధం జులై 28న. మధ్యలో ఏం జరిగింది?' అని రాశారు. నాకు నిజంగా తెలీదు. అసలు సరయేవో సెర్బియాలో ఉందనుకునేవాణ్ని! అది 1908లో ఆస్ట్రియా తనలో కలుపుకున్న బోస్నియాలో ఉంది. మ్యాప్ చూడకుండా చదివితే ఇదీ గతి.

ఆ రాత్రి 1914 జులై క్యాలెండర్ గీసుకున్నాను. మొదటి వారంలోనే జర్మనీ ఆస్ట్రియాకి 'నీ వెనక మేమున్నాం' అని మాటిచ్చేసింది. హత్య వెనక సెర్బియా ఉందంటూ ఆస్ట్రియా 23న దానికి 48 గంటల గడువుతో అల్టిమేటం ఇచ్చింది. సెర్బియా చాలావాటికి తలూపింది కానీ, తన గడ్డ మీద ఆస్ట్రియా అధికారులు విచారణ చేస్తామంటే కుదరదంది. 28న సెర్బియా మీద ఆస్ట్రియా యుద్ధ ప్రకటన. 30న సెర్బియాకి అండగా ఉన్న రష్యా తన సైన్యం మొత్తాన్నీ సమీకరించమని ఆదేశం ఇచ్చింది. అసలు ముడి ఇక్కడుంది. రష్యా పూర్తిగా సిద్ధమయ్యేలోపే దాని మిత్రదేశం ఫ్రాన్స్‌ని ఓడించాలన్నది జర్మనీ పథకం. అంటే రష్యా కదిలాక జర్మనీకి ఆగి ఆలోచించే తీరికే లేదు. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. దాని సైన్యం బెల్జియం మీదుగా ఫ్రాన్స్‌కి బయల్దేరింది. బెల్జియం తటస్థతకి 1839లో హామీ ఇచ్చిన బ్రిటన్ 4న దిగింది. మనవాళ్లని అడిగిందెవరు? పది లక్షల మందికి పైగా భారత సైనికులు సముద్రం దాటారు.

అప్పట్నుంచి ఏ మలుపు చదివినా నా ప్రశ్న ఒకటే: ఆ రోజు వాళ్లకి వేరే దారి ఉందా? ఇంకోటి, ఒక వస్తువునైనా పట్టుకోండి. 1918 నవంబర్ 11న కాంపియేన్ అడవిలో ఒక రైలు పెట్టెలో జర్మనీ యుద్ధ విరమణ మీద సంతకం పెట్టింది. 1940 జూన్‌లో హిట్లర్ మ్యూజియంలో ఉన్న అదే పెట్టెని అదే చోటుకి తెప్పించి, ఫ్రాన్స్ చేత సంతకం పెట్టించాడు. యుద్ధం తర్వాత జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ ఒప్పందం అవమానం గురించి రాయాల్సొస్తే నేను ఆ పెట్టెతోనే మొదలుపెడతాను. నెపోలియన్ యుద్ధాలన్నీ మాత్రం బట్టీ పట్టకండి. నేను పట్టాను, దండగ.

ఈ వారం 1956 గీస్తున్నాను. అక్టోబర్ 29న సూయజ్ కాలువ గొడవలో ఇజ్రాయెల్ ఈజిప్టులోని సినాయ్‌లోకి దిగింది, నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్ మీద పడ్డాయి. సూయజ్ ఒక నోట్స్‌లో, హంగరీ ఇంకో నోట్స్‌లో చదివినన్నాళ్లూ ఇవి ఒకే వారం సంగతులని నాకు తట్టనేలేదు.