పక్కటెముకలు చేతికి తగలాలి

మా టైగర్ చివరి ఆరు నెలలు వాకిట్లో మూడు మెట్లు ఎక్కలేకపోయాడు. పాత టవల్ ఒకటి పొట్ట కింద నుంచి వేసి, మా ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని లేపేవాళ్లం. 46 కిలోల లాబ్రడార్ కుక్క. వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, తల తిప్పి నా మొహం చూసేవాడు. 2017లో, తొమ్మిదేళ్లకే పోయాడు.

వాడు ఉన్నన్నాళ్లూ మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా మెచ్చుకునేవాళ్లు. "భలే పెంచినావక్కా, పులి మాదిరి ఉంది" అంటే మేమూ మురిసిపోయేవాళ్లం. డాక్టరు రెండుసార్లు "బరువు తగ్గించండమ్మా" అని చెప్పారు. సరేనని తల ఊపి, ఇంటికొచ్చి మళ్లీ నెయ్యి వేసిన అన్నమే కలిపి పెట్టాం. ఆ తప్పు పూర్తిగా మాదే. అందుకే తర్వాత వచ్చిన కుక్కల విషయంలో ఎవరేమన్నా నేను వెనక్కి తగ్గలేదు.

బ్రౌనీ 2020లో మా ఇంటికి వచ్చింది. తెలిసినవాళ్లు బెంగళూరుకు మారిపోతూ, అక్కడ అపార్ట్‌మెంటులో పెట్టుకోలేమని మాకు ఇచ్చారు. నాలుగేళ్ల ఆడ లాబ్రడార్, పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది. మా వీధి చివర బియ్యం కొట్లో బస్తాలు తూచే కాటా ఉంది. దాని మీద నిలబెడితే 38 కిలోలు చూపించింది. ఆడ లాబ్రడార్ మామూలుగా 25 నుంచి 32 కిలోల మధ్య ఉండాలి.

నేను ఇంట్లోనే బ్లౌజులు, చుడీదార్లు కుడతాను. ఇరవై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని తిరిగే మనిషిని. ఆ రోజు ఇంటికి రాగానే బ్రౌనీకి కూడా టేపు పెట్టాను. ముందు కాళ్ల వెనక ఛాతీ కొలత 34 అంగుళాలు. వెనక కాళ్ల ముందు నడుము కొలత కూడా 34 అంగుళాలే. అంటే నడుమే లేదు. పైనుంచి చూస్తే దిండు పరిచినట్టు ఉంది. ఆర్డర్ల కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ తిప్పి, తేదీ వేసి, 34, 34 అని రాసుకున్నాను. ఆ పేజీ తర్వాత చాలా పేజీలయింది.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ముందు రక్త పరీక్ష రాశారు. థైరాయిడ్ తక్కువైనా కుక్కలు లావెక్కుతాయట. అది బాగానే ఉంది. అయితే ఇది తిండి వల్లేనని చెప్పి, నా చెయ్యి అడిగారు. పిడికిలి బిగించమని, వేళ్ల కణుపుల మీద రెండో చేత్తో తడమమన్నారు. "కుక్క పక్కటెముకలు ఇట్లా తగిలితే అది మరీ బక్కది." తర్వాత చెయ్యి చాపి వెనక వైపు తడమమన్నారు. ఎముకలు కంటికి కనిపించవు, కానీ వేలు పెడితే ఒక్కొక్కటీ తెలుస్తుంది. "ఇట్లా ఉండాలి." ఆఖరికి చెయ్యి తిప్పి, అరచేతిలో వేళ్ల మొదట్లో నొక్కమన్నారు. మెత్తగా ఉంది, ఎముక కోసం వెతుక్కోవాలి. "మీ కుక్క ఇప్పుడు ఇట్లా ఉంది." అప్పుడే బ్రౌనీ పక్కల మీద చెయ్యి పెట్టి చూశాను. గట్టిగా నొక్కితే గానీ ఎముక దొరకలేదు.

డాక్టర్లు దీనికి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 4 లేదా 5 ఉంటే సరిగ్గా ఉన్నట్టు. బ్రౌనీకి 8 వేశారు. ఆపరేషన్ అయిన కుక్కకు తిండి అవసరం తగ్గుతుందని, మనం మాత్రం పాత కొలతే పెడతామని చెప్పారు. వారానికి ఒక శాతం, మహా అయితే రెండు శాతం బరువు తగ్గాలి, అంతకంటే తొందరపడొద్దన్నారు. 28 కిలోలు లక్ష్యంగా పెట్టుకుంటే రోజుకు సుమారు 850 క్యాలరీలు.

ఈ 850 అనే అంకె నా కళ్లు తెరిపించింది. కుక్కల ఎండు మేత 100 గ్రాముల్లో 350 క్యాలరీల దాకా ఉంటాయి. కాబట్టి రోజంతటికీ రెండు పూటలా కలిపి 240 గ్రాములు. అంతే. అంతకుముందు మేం గిన్నెతో తోడి పోసేది తూచి చూస్తే 400 గ్రాములు దాటింది. దాని మీద పొద్దున టీతో పాటు గ్లూకోజ్ బిస్కెట్లు, మధ్యాహ్నం అత్తమ్మ పెట్టే సంగటి ముద్ద, రాత్రి మిగిలిన చపాతీ. ఒక చపాతీ వంద క్యాలరీలు వేసుకోండి. బిస్కెట్ ఒక్కొక్కటి ఇరవై పైనే. ఆరు బిస్కెట్లు తింటే దాని రోజు తిండిలో ఆరో వంతు అయిపోయినట్టే. మనకు చిరుతిండి, దానికి అది ఒక పూట భోజనంలో మూడో వంతుకు దగ్గర.

కప్పుతో కొలవడం మానేసి చిన్న వంటింటి కాటా కొన్నాను. కప్పులో కొంచెం గోపురంగా పోస్తే ఇరవై ముప్పై గ్రాములు తేడా వస్తుంది. పొద్దున్నే 240 గ్రాములు తూచి ఒక స్టీలు డబ్బాలో పోసి పెడతాను. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. పాప దానికి షేక్‌హ్యాండ్ నేర్పించేటప్పుడు ఇచ్చేవి కూడా ఆ డబ్బాలోవే.

ఆకలి ఆగకపోతే కీరదోసకాయ ముక్కలు, ఉడికించిన బీన్స్, ఉప్పు నూనె లేని తీపి గుమ్మడికాయ. ఉగ్గాని, బజ్జీల జోలికి అసలు పోనివ్వను. నూనె సంగతి అటుంచితే, వాటిలో వేసే ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది. ద్రాక్ష, కిస్మిస్ వాటి కిడ్నీలకు చేటు.

అన్నిటికంటే కష్టమైంది అత్తమ్మను ఒప్పించడం. ఆమెది మంచి మనసు. కరువు చూసిన మనిషి. కడుపు నిండా పెట్టడం కంటే ప్రేమ ఇంకేముంటుంది ఆమెకు? "నోరులేని జీవం ఉసురు తగుల్తుందమ్మా, అట్లా చూస్తాంటే నాకు ముద్ద దిగదు" అనేది. బ్రౌనీ చూపు కూడా అట్లాంటిదే, గడ్డం ఆమె మోకాలి మీద ఆనించి కళ్లు పైకెత్తేది. నేను ఆమెతో వాదించలేదు. 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు లాబ్రడార్ల మీద చేసిన పరిశోధన గురించి చెప్పాను. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఒక జన్యువు కొంత తెగిపోయి ఉంటుంది. దానివల్ల కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగ్గా చేరదు. "అది ఆకలితో చూడటం లేదు అత్తమ్మా, దానికి నిండిందని తెలియదు" అన్నాను. బ్రౌనీకి ఆ లోపం ఉందో లేదో మేం పరీక్ష చేయించలేదు. కానీ ఆ మాట అత్తమ్మ మనసుకు పట్టింది. సంగటి ముద్ద ఆగలేదు గానీ నిమ్మకాయంత అయింది. దాన్ని కూడా లెక్కలో వేసుకుని డబ్బాలో మేత తగ్గించాను.

మొదటి నెల కిలోన్నర తగ్గింది. మూడో నెలలో అస్సలు కదల్లేదు. ఎక్కడ తేడా వచ్చిందా అని తల బద్దలు కొట్టుకున్నాను. ఒక రోజు కొంచెం ఆలస్యంగా బయల్దేరితే, నడక దారిలో టీ బంకు ముందు బ్రౌనీ తనంతట తనే ఆగి కూర్చుంది. టీ బంకు అన్న నవ్వుతూ రెండు బిస్కెట్లు, ఒక వడ ముక్క విసిరాడు. మా ఆయన నడిపించే రోజుల్లో ఇది జరుగుతూ ఉందని అప్పుడు తెలిసింది. అన్నను ఏమనను? ప్రేమగా పెడుతున్నాడు. మర్నాటి నుంచి కీర ముక్కల డబ్బా ఒకటి ఆయన చేతికిచ్చి, "అన్నా, నువ్వు పెట్టాలనుకుంటే ఇవి పెట్టు" అన్నాను. ఇప్పటికీ ఆ డబ్బా పొద్దున అక్కడికి వెళ్లి, నడక అయ్యాక ఖాళీగా ఇంటికి వస్తుంది.

ఎనిమిది నెలలకు 28 కిలోలు వచ్చింది. ఛాతీ 29, నడుము 24. పైనుంచి చూస్తే ఛాతీ దాటాక లోపలికి తిరిగిన గీత కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక వైపుకు పైకి ఎక్కి ఉంటుంది. ఇంత చక్కని కుక్కను చూసి జనం మెచ్చుకుంటారనుకున్నాను.

ఆర్ట్స్ కాలేజీ వైపు నడకకు వచ్చే ఒక పెద్దాయన ఆపి, "ఏమమ్మా, దీనికి కూడు పెడ్తాండారా లేదా? బొమికలు తేలినాయి" అన్నారు. ఆయన వెనక ఆయన లాబ్రడార్, నాలుగు అడుగులకోసారి ఆగి రొప్పుతోంది. ఇంకొకావిడ, ఆమె ఇంట్లో పగ్ ఉంది, "ఖర్చు ఎక్కువైతే మాకిచ్చేయక్కా, మేము సాక్కుంటాం" అంది. మా వీధిలోనే ఒకతను బ్రౌనీకి రోగం ఉందని పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. తోటి కుక్కలవాళ్లు అన్న మాటలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. కుక్కలంటే ప్రేమ లేనివాళ్లు అంటే పట్టించుకోను. వీళ్లు నాలాంటివాళ్లే కదా. టైగర్ ఉన్నప్పటి నేనే వీళ్లు.

ప్యూరినా అనే పెద్ద మేత కంపెనీ అమెరికాలో 1987లో ఒక పరిశోధన మొదలుపెట్టింది. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండో దానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. అవి బతికినన్నాళ్లూ చూశారు. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవి 11 ఏళ్ల పైచిలుకు బతికాయి. కీళ్ల నొప్పులకు మందు మొదలుపెట్టాల్సి వచ్చిన వయసు కూడా సన్నవాటిలో మూడేళ్లు వెనక్కి జరిగింది. 2002లో ఈ ఫలితాలు వచ్చాయి. మేత అమ్ముకునే కంపెనీయే తక్కువ పెట్టమని తేల్చిందంటే నాకు ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. దాదాపు రెండేళ్లు! టైగర్‌తో ఇంకో రెండేళ్లు దొరికి ఉంటే అని ఇప్పటికీ లెక్కేసుకుంటాను.

అయినా నా ధైర్యం ఒకసారి పూర్తిగా సడలిపోయింది. అది చిట్టి వల్ల. చిట్టి వీధి కుక్క. 2021లో వానలో మా గేటు కిందకు దూరి వచ్చిన నల్ల పిల్ల. పెరిగాక 16 కిలోలు. దాని ఒళ్లే సన్నం కాబట్టి బరువు గురించి ఆలోచించే పని ఉండేది కాదు. అయినా ఆదివారం బ్రౌనీతో పాటు దాన్నీ కాటా ఎక్కించేదాన్ని. ఒక ఏప్రిల్లో 15 కిలోల 400 గ్రాములు వచ్చింది. తర్వాతి ఆదివారం 14 కిలోల 700. గిన్నెలో మేత వదిలేస్తోంది. ఎండలకేమో అనుకున్నాను, మా అనంతపురం ఎండలు 40 దాటుతాయి కదా. పుస్తకంలో అంకెలు చూసుకుంటే మాత్రం గుండె ఝల్లుమంది. రెండు వారాల్లో కిలో మున్నూరు పోయింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగులో లేవు, తెల్లగా పాలిపోయాయి.

డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. గోమార్ల వల్ల వచ్చే జ్వరం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డాక్సీసైక్లిన్ 28 రోజులు వేయమన్నారు, మధ్యలో బాగున్నా ఆపొద్దన్నారు. ఆ నెల రోజులు ఎన్ని మాటలు పడ్డానో! "మేము చెప్తానే ఉన్నాం, కడుపు మాడిస్తే ఇంతే" అని ఆ పగ్ ఆవిడ ఇంటికొచ్చి మరీ అంది. రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. నిజంగా నేనే చేశానా ఇది? సరిపడా పెట్టలేదా? డాక్టరును అదే అడిగాను. ఆయన నా పుస్తకం తిరగేసి, "సన్నగా ఉండటం వేరు, చిక్కిపోవడం వేరమ్మా. సన్నటి కుక్క తింటుంది, ఉరుకుతుంది, తొడల్లో కండ ఉంటుంది, బొచ్చు మెరుస్తుంది. నెలల తరబడి ఒకే బరువు మీద ఉంటుంది. ఇది రెండు వారాల్లో పడిపోయింది. మీరు తూచారు కాబట్టి ముందే తెలిసింది" అన్నారు. మూడో వారానికి చిట్టి గిన్నె నాకేయడం మొదలుపెట్టింది. రెండు నెలలకు మళ్లీ 16 మీదికి వచ్చింది. అప్పటి నుంచి నడక నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్ల కోసం వెతకందే లోపలికి రానివ్వను. నులిపురుగుల మందు తేదీలు కూడా అదే పుస్తకంలో రాస్తున్నాను.

కుక్కను సన్నబరచాలనుకునేవాళ్లకు ఒక్కటి చెప్తాను. ముందు డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి తిండి సగం చేసేయకండి. లావు కుక్కను మొదటి రోజే పరుగెత్తించకండి, కీళ్లు దెబ్బతింటాయి. మేం మొదట్లో బ్రౌనీని పది నిమిషాలే నడిపించాం. ఎండాకాలంలో పొద్దున ఆరు లోపే ఇంటికొచ్చేస్తాం. కుక్కలు ఒళ్లంతా చెమట పట్టి చల్లబడవు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే చల్లబడాలి. ఒంట్లో కొవ్వుంటే అది ఇంకా కష్టం.

ఇప్పుడు మాటలంటే నేను సంజాయిషీ ఇవ్వను. "ఒకసారి ఇక్కడ చెయ్యి పెట్టండి" అంటాను. చాలామంది పెట్టరు. ఒక కాలేజీ అబ్బాయి మాత్రం పెట్టి చూసి, తన బీగిల్ మీద కూడా పెట్టి, కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ బీగిల్ కొలతలు కూడా ఇప్పుడు నా పుస్తకంలో ఉన్నాయి. పెద్దాయన మాత్రం ఇప్పటికీ రోజూ అదే మాట అంటారు. ఆయన కుక్క ఈ మధ్య నడకకు రావడం లేదు. ఎట్లుందని అడిగితే "ముసల్ది అయిపోయిందిలేమ్మా" అన్నారు. దానికి ఏడేళ్లు.

బ్రౌనీకి తొమ్మిది నిండాయి. మొన్న అత్తమ్మ మిద్దె మీద వడియాలు పెడుతుంటే కాకులు వచ్చాయి. కింద కుట్టు మిషను దగ్గర పడుకున్న బ్రౌనీ ఆ అరుపులు విని లేచింది. పద్దెనిమిది మెట్లు. నేను కత్తెర పక్కన పెట్టేలోపే పైనుంచి దాని మొరుగు వినిపించింది.