సైక్లోన్ పుట్టిన ఊరు

పొద్దుట్నుంచీ ముసురు. చేపలావిడ ఇవాళ ఎండుచేపలే తెచ్చింది. "వేటకెళ్ళొద్దన్నారండి, అల్పపీడనమంట" అంది.

సముద్రానికి సంబంధించిన ఒక ఇంగ్లీషు మాట అర్థం, పుట్టుక రాసుకురమ్మని బాబుకి స్కూల్లో చెప్పారు. వాడు సైక్లోన్ తీసుకున్నాడు. మధ్యాహ్నమంతా ఇద్దరం దాని మీదే కూర్చున్నాం.

పాము చుట్ట అనే అర్థం కూడా ఉన్న గ్రీకు మాట నుంచి తీసుకున్నారట. ఆ పేరు పెట్టింది మాత్రం కలకత్తాలో. హెన్రీ పిడింగ్టన్ అని, అక్కడే ఉండి తుఫానుల గురించి ఏళ్ళ తరబడి శోధించిన ఆయన. గాలివానలో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్ పుస్తకాలు, అంటే ప్రయాణం వివరాలు రాసుకునే పుస్తకాలు సేకరించి, ఏ వేళకి ఏ ఓడ దగ్గర గాలి ఎటునుంచి కొట్టిందో సరిచూసేవారు. ఆ వివరాలన్నీ కలిపితే గాలి చుట్టలు చుట్టుకుని తిరుగుతున్నట్టు తేలేది. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో దానికి సైక్లోన్ అని పేరు పెట్టారు. పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పల్చటి రేకులు కూడా ఇచ్చారు. వాటి మీద వలయాలు, గాలి బాణాలు ఉంటాయి. నావికుడు రేకుని పటం మీద పెట్టి, తన దగ్గర వీస్తున్న గాలికి సరిపోయే బాణం చూసుకుంటే, తుఫాను నడిబొడ్డు ఎటుందో తెలిసి ఓడని పక్కకి తిప్పుకోవచ్చు. వైర్‌లెస్ లేని రోజులవి. నాకు ఆ మాట కన్నా ఈ రేకులే ఎక్కువ నచ్చాయి. ఎన్ని ప్రాణాలు నిలిపాయో!

ఉప్పెన గురించి ఆయన రాసినచోట మా కోరంగి పేరుంది. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. 1839 నవంబరులో మళ్ళీ అదే గతి. ఓడలు కట్టిన ఊరు, ఆ తర్వాత తేరుకోలేదు. ఇది బాబు పుస్తకంలో తప్పకుండా ఉండాలని పట్టుబట్టి రాయించాను. ఇక్కడి పిల్లలకి ఇది తెలియాలి.

అత్తయ్యగారు వింటూ, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను సంగతి ఎత్తారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. మొత్తమ్మీద వెయ్యిమందికి పైగా పోయారు. "నడిసముద్రంలో ఉన్నవాళ్ళకి కబురు ఎలా అందుద్దమ్మా?" అన్నారు. కొబ్బరితోటలు పడిపోవడం గురించి ఆవిడ ఇంకా చాలా చెప్పారు. అది వేరే రోజు రాస్తాను.

సాయంత్రం వాన తెరిపిస్తే మేడ మీదికెళ్ళాం. గాలికి వీపు పెట్టి నిలబడితే, మన వైపు తుఫాను కేంద్రం ఎడమచేతి పక్కన ఉంటుంది. గాలి ఈశాన్యం నుంచి వస్తోంది. బాబు వీపు తిప్పి నిలబడి ఎడమచెయ్యి చాపాడు. ఆగ్నేయం, సముద్రం వైపు. అల్పపీడనం అటే ఉందని టీవీలో చెప్పారు.

"చేపలావిడకి కూడా చూపిద్దామమ్మా" అన్నాడు. రేపు వస్తే చూపించాలి.