47వ రోజు

పొద్దున అమ్మ ఉగ్గానికి ఎర్రగడ్డలు వేయిస్తుంటే కడుపులో తిప్పింది. టైరు కాలుతున్నట్టు ఒకటే కంపు.

"అమ్మా, కుళ్లినవి వేసినావా?"

అమ్మ గిన్నె తెచ్చి చూపించింది. ముక్కలు నిగనిగలాడుతున్నాయి. నిన్న నాయన మార్కెట్ యార్డు దగ్గర ఏరి తెచ్చినవే. కర్నూలులో ఎర్రగడ్డలకు కరువా!

అప్పుడు తట్టింది, నాకు వాసన వచ్చిందని. జ్వరం, జలుబుతో నాకు వాసనే తెలియకుండా పోయింది. అవి తగ్గి మూడు నెలలైంది. అప్పటి నుంచి ఇదే మొదటిది. ఏడుపొచ్చేసింది.

ఈఎన్‌టీ డాక్టరు ముందే చెప్పారు. వైరస్ దెబ్బతీసిన చోట వాసన పట్టే కణాలు మళ్లీ పుడతాయట. కొత్తలో కబురు మెదడుకు అరకొరగా చేరి కాఫీ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ కంపు కొట్టొచ్చట. చాలామందికి అది కోలుకుంటున్న గుర్తేనట.

ఈ 47 రోజులుగా నా వైద్యమంతా నాలుగు జామ్ సీసాలు. గులాబీ అత్తరు చుక్క వేసిన దూది, నలగ్గొట్టిన లవంగాలు, నిమ్మతొక్క, నీలగిరి తైలం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో వాడి చూసిన నాలుగు వాసనలూ ఇవే. పొద్దున, సాయంత్రం, ఒక్కోటి 20 సెకన్లు. గట్టిగా పీల్చకూడదు. కళ్లు మూసుకుని, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ మెల్లగా చూడాలి. కనీసం 12 వారాలు. మొదటి వారం నీలగిరి తైలం చల్లగా తగిలితే వాసన వచ్చేసిందని ఎగిరి గంతేశాను. ఆ చల్లదనం తెలిసేది ముఖంలోని వేరే నరం వల్లనట. ఆ రోజు చాలా బాధపడ్డాను.

పక్కింటి అక్క వాము మూట కట్టి ఇచ్చింది. మూసుకున్న ముక్కుకు అది హాయిగానే ఉంటుంది. కానీ నా ముక్కు మూసుకుపోలేదు, గాలి బాగానే ఆడుతోంది. ఆ మాట చెప్పలేక తీసుకున్నాను.

నాకు భయమల్లా గ్యాస్ గురించే. లీకైతే తెలియాలని కలిపే ఆ ఘాటు కూడా నాకు తెలియదు. పోయిన నెల స్టవ్ పక్కనే నిలబడి పాలు మాడబెట్టాను. అప్పటి నుంచి రాత్రి రెగ్యులేటర్ ఆపే పని అమ్మదే.

సాయంత్రం నాలుగు సీసాలూ చూశాను. ఏమీ లేదు. అయినా నోటుబుక్కులో ఈరోజు తేదీ పక్కన 'ఎర్రగడ్డ' అని రాసి కింద గీత గీశాను. అమ్మ తొంగిచూసి, "రేపు ఎర్రకారం లేకుండా దోసెలు పోస్తాలే" అంది.

"వద్దమ్మా, ఎర్రగడ్డలు వేసే నూరు. వాసన చూస్తాను."