శిథిల గోడ, అంగుళం తగవు: ఈ నెల పని చిట్టా

ఈ నెలలో ఆట బల్ల కోసం మూడు చిన్న శిథిల భవనాల నమూనాలు కట్టాలనుకున్నాను. రెండు పూర్తయ్యాయి, మూడోదాన్ని, బల్ల మీద చిన్న బొమ్మల దళాలతో ఆడే యుద్ధక్రీడ వార్‌హ్యామర్ 40,000 నిబంధనల్లోని ఒక సందు రెండు వారాలు ఆపేసింది.

మేము ఆడుతున్న పదో ఎడిషన్ (2023) ప్రకారం ఛార్జ్ చేసిన, అంటే చేతి పోరుకు శత్రువు మీదికి దూసుకెళ్లిన దళం, శత్రువు బేస్‌కు (బొమ్మ నిలిచే బిళ్లకు) ఒక అంగుళం లోపు చేరి ఆగాలి. పదాతి బొమ్మలు శిథిలాల గోడల గుండా వెళ్లవచ్చు గానీ గోడలోనే ఆగకూడదు. విడివిడిగా చదివితే ఈ రెండింటిలో ఏ తికమకా లేదు. రెండూ ఒకే గోడ దగ్గర కలిసినప్పుడే చిక్కు.

మొన్నటి ఆటలో నా దళం గోడకు లోపలి వైపు 22 మిల్లీమీటర్ల దూరంలో నిలిచింది. ఆ గోడ 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డుది. ఫెవికాల్, ఇసుక కలిపి పూశాక మందం 6కు చేరింది. ప్రత్యర్థిగా ఆడుతున్న మిత్రుడికి ఛార్జ్ దూరం అందాలంటే రెండు పాచికల మీద తొమ్మిది కావాలి, అంతకు తక్కువ కాకుండా పడే అవకాశం 36లో 10 మాత్రమే, అయినా పడింది. అతని బేస్ 32 మిల్లీమీటర్లు కాబట్టి లోపల పట్టదు. బయట నిలబెడితే మధ్య దూరం 28, అంగుళమంటే 25.4. అక్షరాలా చదివితే ఆ ఛార్జ్ చెల్లదు. అలా చదివింది నేనే, లాభమూ నాదే కనుక నా గొంతులో ధీమా కాస్త ఎక్కువే పలికింది. గోడ గుండా నడిచిపోగలవాడు దాని అవతలి మనిషిని కొట్టలేకపోవడమేమిటని అతని వాదన. ప్రష్యా సైన్యం 1824లో స్వీకరించిన యుద్ధక్రీడలో ఇలాంటివి తేల్చడానికి మధ్యవర్తి ఉండేవాడు; మా ఇద్దరికీ ఆ భాగ్యం లేదు. చెరో పాచిక వేశాం, అతనికి 5, నాకు 2, ఆట సాగింది.

తప్పు నా గోడ మందానిదేమోనని 3 మిల్లీమీటర్ల బోర్డుతో ఒక ముక్క కోసి, పూత వేసి చూశాను. మందం 4కు వచ్చింది, దూరం 26, ఇంకా 0.6 మిల్లీమీటర్లు మిగిలే ఉంది. గోడను పలచన చేస్తే ఆ సందు ఇరుకవుతుందే తప్ప మూసుకుపోదు, 40 మిల్లీమీటర్ల బేస్‌లకైతే మరింత వెడల్పవుతుంది.

చివరికి దారి రూల్‌బుక్‌లోనే దొరికింది. బారికేడ్‌కు అటూ ఇటూ ఉన్నవారు రెండు అంగుళాల లోపు ఉంటే తలపడినట్టేనని అందులో ఉంది. దాన్నే శిథిలాల నేల అంతస్తు గోడలకూ వర్తింపజేయాలని ఇద్దరం ఒప్పుకున్నాం, అదీ పాచికల దూరం గోడ వరకు సరిపోతేనే. దెబ్బలు మాత్రం రెండు వైపుల నుంచీ చెల్లుతాయి.

ఇక మూడో భవనానికి 5 మిల్లీమీటర్ల బోర్డే వాడాను. గోడ నుంచి 32, 40 మిల్లీమీటర్ల దగ్గర లోపలి నేల మీద లేత బూడిద రంగుతో రెండు సన్నని గీతలు గీశాను, ఆట మధ్యలో టేపు తీసే పని ఉండదు. వార్నిష్ రేపు వేస్తాను.