కార్డియాలజీ వార్డు నుంచి పీజీ పట్టా దాకా: కర్నూలులో ఒక ఫిజీషియన్ అసిస్టెంట్ అనుభవం

ఫిజీషియన్ అసిస్టెంట్‌గా డిగ్రీ పూర్తిచేసి, కర్నూలులోని ఒక ప్రైవేటు ఆస్పత్రి గుండె జబ్బుల విభాగంలో కొన్నేళ్లు పనిచేసిన తరువాత, నేను ఇదే వృత్తిలో రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి తిరిగి అదే విభాగానికి వచ్చాను. మా జిల్లా నుంచే కాక అనంతపురం, కడప వైపు నుంచి కూడా ఇదే పనిలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఫోన్ చేసి, "అక్కా, పీజీ చేస్తే నిజంగా ఏమైనా మారుతుందా, వచ్చే జీతం వదులుకుని పోవడం సబబేనా" అని అడుగుతున్నారు. ఫోన్‌లో రెండు మాటలు చెప్పి ఊరుకోవడం నాకు తృప్తినివ్వలేదు. అందుకే ఆ చదువు ఎలా సాగిందో, అందులో ఏది కష్టమో, ఏది వార్డులో పనికొచ్చిందో వివరంగా రాస్తున్నాను.

మా వృత్తి గురించి బయటివారికి ఇంకా అంతగా తెలియదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1965లో మొదలైన ఈ చదువును మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ ప్రవేశపెట్టారు. గుండె శస్త్రచికిత్సల నీడలో పుట్టినందువల్లనే కాబోలు, ఈనాటికీ మాలో చాలామంది కార్డియాలజీలోనే కనిపిస్తారు. రోగి చెప్పేది విని హిస్టరీ రాయడం, పరీక్షల ఫలితాలు సమకూర్చి డాక్టరుగారి ముందు ఉంచడం, రౌండ్లలో చెప్పిన మార్పులు అమలయ్యేలా చూడడం, డిశ్చార్జి సమ్మరీ సిద్ధం చేయడం, ఇంటికి వెళ్లేవారికి మందులు ఎలా వాడాలో చెప్పడం మా పని. సొంతంగా వైద్యం చేయం. ప్రతిదీ డాక్టరుగారి పర్యవేక్షణలోనే జరుగుతుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మా వృత్తిని కూడా తన జాబితాలో చేర్చి, ఆరోగ్య సంరక్షణ నిపుణులుగా గుర్తింపు పొందాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువుతో కూడిన డిగ్రీ ఉండాలని నిర్దేశించింది. అంతకుముందు ఒక్కో కళాశాలది ఒక్కో దారిగా ఉన్న మాకు ఈ చట్టం ఎంత ధైర్యమిచ్చిందో ఈ పనిలో ఉన్నవారికే తెలుస్తుంది.

నేను పీజీకి వెళ్లడానికి ఉద్యోగపరమైన కారణం ఒకటుంది. ఏళ్లు గడిచేకొద్దీ జీతం కొద్దికొద్దిగా పెరుగుతుంది గానీ పని మాత్రం మొదటి సంవత్సరం చేసినదే మళ్లీ చేస్తుంటాం. పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలన్నా, ఒక విభాగం బాధ్యత కావాలన్నా పీజీ అడుగుతారు. అయితే నన్ను ఎక్కువగా కదిలించింది మరో విషయం. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పల్లెల నుంచి గుండెపోటుతో వచ్చేవారిలో చాలామంది ఆలస్యంగా వచ్చేవారు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల లోపు పడాలి, అందులోనూ తొలి రెండు మూడు గంటల్లో పడితే దక్కే మేలు వేరు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. వాహనంలో రెండు గంటల దూరం. మరి పది గంటలు, పదిహేను గంటలు ఎక్కడ పోతున్నాయి? ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేది గానీ, దానికి జవాబు వెతికే పద్ధతి నాకు తెలియదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్ కాగితం తెప్పించుకుని చదవండి, థీసిస్‌కు మార్గదర్శకులుగా ఎవరుంటారో అడగండి. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చేయవచ్చని చెప్పే ప్రకటనల జోలికి పోవద్దు. పైన చెప్పిన చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని యూజీసీ నిర్ణయించింది. నేను రెగ్యులర్ కోర్సులోనే చేరాను. మొదటి సంవత్సరం వేరే ఊళ్లో హాస్టల్‌లో ఉన్నాను, రెండో సంవత్సరం థీసిస్ పనికి మా పాత ఆస్పత్రి అనుమతి తీసుకుని కర్నూలుకు వచ్చాను. పాపను మా అత్తమ్మ చూసుకున్నారు. ఆమె ఆ మాట ఇవ్వకపోతే నేను దరఖాస్తు కూడా పెట్టేదాన్ని కాదు.

మొదటి సెమిస్టరులో ఫార్మకాలజీ, రోగ నిర్ధారణ వంటి సబ్జెక్టులు వార్డులో పనిచేసి వచ్చినవారికి పెద్ద కష్టం కావు. మందుల పేర్లు, మోతాదులు చేతికి తెలిసే ఉంటాయి; వాటి వెనుక ఉన్న కారణాలు చదువుతుంటే సంతోషంగా ఉంటుంది. భయపెట్టేది బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య సమాచారాన్ని లెక్కగట్టే గణాంక శాస్త్రం. ఇంటర్‌లో బైపీసీ చదివి లెక్కలు వదిలేసినవారమే మాలో ఎక్కువ. కానీ ఈ సబ్జెక్టే నా వృత్తిని నాకు కొత్తగా చూపించిందని నమ్ముతాను. ఉదాహరణకు, అయిదుగురు రోగులు నొప్పి మొదలైన 2, 3, 4, 5, 46 గంటలకు ఆస్పత్రి చేరారనుకుందాం. సగటు తీస్తే 12 గంటలు వస్తుంది. కానీ ఆ అయిదుగురిలో ఒక్కరు కూడా 12 గంటల దరిదాపుల్లో లేరు. నలుగురు అయిదు గంటల లోపే వచ్చారు. వరుసలో మధ్యనున్న విలువను, అంటే మీడియన్‌ను తీసుకుంటే 4 గంటలు వస్తుంది, అదే అసలు పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. రెండు రోజులు నొప్పి ఓర్చుకుని వచ్చిన ఒక్క మనిషి మొత్తం లెక్కను ఎలా లాగేస్తాడో బోర్డు మీద చూసినప్పుడు, సమావేశాల్లో మేము చెప్పుకునే సగటుల గురించి చాలాసేపు ఆలోచించాను.

థీసిస్ కోసం ఎంతమంది రోగులను అడగాలి అన్నదీ అంతే. మన దగ్గర థీసిస్‌లలో ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం, నాలుగును మనం ముందుగా ఊహించే శాతంతోనూ, వంద నుంచి ఆ శాతం తీసివేయగా మిగిలినదానితోనూ గుణించి, మనం ఒప్పుకోగల తేడా వర్గంతో భాగించాలి. సగం మంది ఆలస్యంగా వస్తారనుకుని, పది శాతం తేడాకు ఒప్పుకుంటే వంద మంది చాలు. అయిదు శాతం తేడాయే ఉండాలంటే నాలుగు వందల మంది కావాలి. ఖచ్చితత్వం రెట్టింపు కావాలంటే శ్రమ నాలుగింతలు పెరుగుతుందన్న ఈ సంగతి ముందే తెలిస్తే, ఉన్న కొద్ది నెలల్లో సాధ్యమయ్యే ప్రశ్ననే ఎంచుకుంటాం. పట్టికలకు నేను ఎపి ఇన్ఫో అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ వాడాను. అది ఉచితంగా దొరికింది, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడిచింది.

బోధనా పద్ధతుల పేపరు చిన్నదే అయినా తేలికగా తీసుకోవద్దు. విద్యార్థికి తెలియడం, ఎలా చేయాలో చెప్పగలగడం, మన ముందు చేసి చూపడం, పనిలో నిజంగా చేయడం అనే నాలుగు మెట్లను 1990లో వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ వివరించారు. మా పరీక్షలు చాలావరకు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతాయి. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ పిల్లలకు ఈసీజీ నేర్పేటప్పుడు ఈ మెట్లు నాకు రోజూ గుర్తుకొస్తాయి.

థీసిస్‌కు నేను ఎంచుకున్నది గుండెపోటు రోగుల ఆలస్యమే. దాన్ని మూడు ముక్కలుగా విడదీయమని మా గైడ్ మేడమ్ సూచించారు: నొప్పి మొదలయ్యాక ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకునేదాకా పట్టిన సమయం, బయలుదేరాక మా గుమ్మం చేరేదాకా పట్టిన సమయం, గుమ్మంలోకి వచ్చాక ఇంజెక్షన్ పడేదాకా పట్టిన సమయం. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ, అరగంటలో ఇంజెక్షన్ అన్నది అందరూ అంగీకరించిన లక్ష్యం కాబట్టి మూడో ముక్కకు కొలత సిద్ధంగానే ఉంది. మొదటి రెండింటికీ మనమే కొలత తయారుచేసుకోవాలి.

పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ముందు నిలబడడమంటే చాలామందికి భయం. నిజానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం ఆ కమిటీలో వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు కూడా ఉంటారు. ఒక సభ్యురాలు, "ఛాతీ నొప్పితో అల్లాడే మనిషిని మీరు ఏ క్షణాన అడుగుతారు?" అన్నారు. రోగి కుదుటపడి, ఐసీయూ నుంచి వార్డుకు మారిన తరువాతే అడగాలని, కాదంటే వైద్యంలో ఏ లోటూ ఉండదని ముందే చెప్పాలని, చదవడం రానివారి వేలిముద్ర తీసుకునేటప్పుడు మా బృందానికి చెందని సాక్షి పక్కన ఉండాలని అప్పుడు స్పష్టంగా రాసుకున్నాం.

ఇక అడగడం. అంతకుముందు కేస్ షీట్‌లో "పొద్దుటి నుంచి ఛాతీ నొప్పి" అని రాసేవాళ్లం. చికిత్స మొదలుపెట్టడానికి అది సరిపోయేది, ఆలస్యాన్ని కొలవడానికి సరిపోదు. పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను నొప్పి ఎన్నింటికి మొదలైందని అడిగితే, "చేనికాడికి పోతాంటే పట్టుకునింది మ్మా" అన్నారు. చేనికి ఎప్పుడు వెళ్లారంటే పొద్దున అన్నారు. అప్పుడు పక్కనున్న ఆయన భార్యను, ఆ పొద్దుకు ఊళ్లోకి బస్సు వచ్చిందా అని అడిగాను. బస్సు వచ్చి పోయిందని, ఆ బస్సుకే కోడలు పుట్టింటికి వెళ్లిందని ఆమె చెప్పింది. కోడలికి ఫోన్ చేస్తే ఆరున్నర బస్సని తేలింది. ఆయన గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగారు, కాసేపటికి మెడికల్ షాపులో మాత్ర తెప్పించుకుని వేసుకున్నారు, మధ్యాహ్నం ఆర్ఎంపీ వచ్చి ఇంజెక్షన్ వేస్తే కొంత తగ్గినట్లయింది, సాయంత్రం చెమటలు పట్టాక కారు మాట్లాడారు. ఇదంతా ఒక గీత మీద గంటల వారీగా గుర్తులు పెట్టి, ఆయనకే చదివి వినిపించి, సరేననిపించుకున్నాకే ఫారం మూసేదాన్ని. బస్సు, పాల వ్యాను, బడి గంట, మసీదు నమాజు పిలుపు, టీవీ సీరియల్ ఇలా గడియారానికి ముడిపడే సంగతులన్నీ ప్రశ్నావళిలో చేర్చాను.

అలా కూర్చుని విన్న తరువాత, ఆలస్యమంతా రోడ్డు మీద జరుగుతోందన్న నా పాత నమ్మకం నిలవలేదు. నేను మాట్లాడినవారిలో ఎక్కువమందికి అసలు సమయం ఇంట్లోనే పోయింది. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ బాధ కలిగించింది: వాళ్లకు నొప్పి ఛాతీలో కాకుండా వీపులోనో దవడలోనో వచ్చి, ఆయాసం, నీరసంగా మాత్రమే కనిపించినప్పుడు ఇంట్లో ఎవరూ దాన్ని గుండె జబ్బుగా అనుకోలేదు. కొందరు తమకు తామే పని ముగించుకుని, అందరికీ అన్నం పెట్టి, ఆ తరువాత చెప్పారు. షుగర్ ఉన్నవారిలో నొప్పి సరిగా తెలియకపోవచ్చన్న పాఠం పుస్తకంలో ఒక వాక్యమే. వార్డులో దానికి ఒక్కొక్కరి ముఖం ఉంటుంది.

థీసిస్ రాయడం గురించి ఒక్క సలహా. డేటా సేకరిస్తున్నప్పుడే పద్ధతుల అధ్యాయం రాసేయండి, ఆ తరువాత ఎందుకు ఏం చేశామో గుర్తుండదు. ఇలాంటి పరిశీలనల కోసం స్ట్రోబ్ పేరుతో 22 అంశాల జాబితా ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి చూసుకుంటే వైవాలో అడిగే ప్రశ్నలు చాలావరకు ముందే ఎదురవుతాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు నన్ను ఎక్కువసేపు అడిగింది జ్ఞాపకం మీద ఆధారపడిన సమయాలను ఎలా నమ్మారని. బస్సుల సంగతి చెప్పాను.

పట్టా వచ్చాక జీతం పెరిగింది గానీ, రెండేళ్లు వదులుకున్న ఆదాయం పూడడానికి ఇంకా సమయం పడుతుంది. ఇంటి మీద అప్పు ఉన్నవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. నా పనిలో సగం ఇప్పుడు విద్యార్థులకు నేర్పడం. మా కార్డియాలజిస్టు అంగీకారంతో, గుండెపోటు కేస్ షీట్‌లో నొప్పి మొదలైన సమయం, మొదట చూపించుకున్న చోటు, అక్కడ ఈసీజీ తీశారా లేదా అన్న మూడు గళ్లు కొత్తగా చేర్చాం. పల్లెల్లోని ఆర్ఎంపీలను పిలిచి, ఛాతీ నొప్పితో వచ్చినవారిని ఇంజెక్షన్ వేసి ఆపకుండా వెంటనే 108కు ఫోన్ చేసి పంపమని చెప్పే సమావేశాలు ముందుగా పత్తికొండలో మొదలుపెట్టాలని ఏర్పాట్లు చేస్తున్నాం.