ఆమెకేం లేదంటారు

"ఆమెకేం లేదక్కా, మంచిగనే ఉన్నది." షాపులో ఈ మాట ఈరోజు మళ్లీ విన్నాను. ఎన్నిసార్లు విన్నా కోపం ఆగదు.

మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు పోయే రోడ్డు మీద, దేవరకద్ర దగ్గర మాది మెడికల్ షాపు. సంత కాబట్టి పొద్దున్నుంచే జనం. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, పిల్లల దగ్గు మందు, నడుము నొప్పికి మలాములు. ఆ రద్దీలో ఒకతను కౌంటరు చివర నిలబడి అందరూ వెళ్లేదాకా ఆగాడు. ఎవరో పోల్చుకుంటారని వయసు, పని రాయడం లేదు. "వేడి చేసిందక్కా, మూత్రం మంట. నాలుగు బిళ్లలియ్యి" అన్నాడు. సబ్జా నీళ్లు తాగాడట, కొబ్బరి బొండాలు తాగాడట. ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ వేసుకుని, మంట తగ్గగానే మధ్యలో ఆపేశాడట. ఇప్పుడు చీము కూడా పడుతోంది.

చీము పడుతుంటే అది వేడి కాదు. చాలావరకు గనేరియా అయ్యుంటుంది, లేదా క్లమీడియా. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. రెండూ లైంగికంగా అంటుకునే బ్యాక్టీరియా జబ్బులే, సరైన మందు పూర్తిగా వాడితే నయమవుతాయి. ఇలా సగం సగం వాడుకోవడం కూడా కారణమై, గనేరియా ఎన్నో పాత మందులకు లొంగడం లేదు. చీటీ లేకుండా ఇవ్వనన్నాను. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఇలాంటి జబ్బులకు సురక్ష క్లినిక్ ఉంటుందని, పరీక్ష, మందులు ఉచితమని, ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు ప్యాకెట్ ఇస్తారని, తనలాంటివాళ్లకు బూడిద రంగు ప్యాకెట్ అని చెప్పాను. సిగ్గనిపిస్తే ముందు ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి మాట్లాడమన్నాను, ఆ కాల్‌కు డబ్బులు పడవు. నంబరు ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. అంతా బాగానే విన్నాడు. "మీ ఆవిడను కూడా తోలుకపో" అన్నప్పుడు మాత్రం "ఆమెకేం లేదక్కా" అన్నాడు.

ఆమెకేం లేదని అతనికి ఎట్లా తెలుసు? ఈ రెండు జబ్బులు సోకిన ఆడవాళ్లలో చాలామందికి మంట ఉండదు, నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. జబ్బు మాత్రం లోలోపల గర్భసంచి దాకా, ట్యూబుల దాకా పాకుతుంది. ట్యూబులు మూసుకుపోతే పిల్లలు కలగరు. అప్పుడు ఆమెను గుళ్లకు, దర్గాలకు తిప్పుతారు, ఇంట్లో రెండో పెళ్లి మాట ఎత్తుతారు. తెచ్చిన మగవాడిని ఎవరూ ఒక్క మాటనరు. అతనొక్కడే మందు వాడాడే అనుకుందాం, ఆమె నుంచి మళ్లీ అతనికే వస్తుంది. అప్పుడు "నీకెక్కడిది?" అని ఆమెనే నిలదీస్తాడు. ఇద్దరికీ ఉన్న జబ్బులో వైద్యం మగవాడికి, సిగ్గు ఆడదానికి పంచిపెట్టాం.

మధ్యాహ్నం వచ్చినామెకైతే ఆ జబ్బు ఉన్నట్టే లేదు, సిగ్గు మాత్రం మోస్తోంది. దురద, విరిగిన పెరుగులా తెల్లబట్ట. షుగరు ఉంది, ఈమధ్యే పంటి నొప్పికి యాంటీబయాటిక్ వాడింది. అలాంటివాళ్లకు ఫంగస్ రావడం మామూలే. దాన్ని లైంగికంగా సోకే జబ్బుల్లో లెక్కపెట్టరు. డాక్టరమ్మకు చూపించుకుంటే తేలిపోతుందన్నాను. "మా అత్త ఎవనితోని తిరిగినవ్ అంటున్నదక్కా" అని ఏడ్చింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కొద్దిగా తెల్లబట్ట ఏ జబ్బూ లేని ఆడవాళ్లకు కూడా అవుతుంది. ఇది ఆ అత్తకు తెలియదా? ఆమెకూ అయ్యే ఉంటుంది కదా.

టీ కొట్టు దగ్గరైతే ఎప్పుడూ ఒకటే తీర్పు, "బొంబాయి పోయొచ్చినోళ్లు తెస్తరు" అని. పాలమూరు లేబర్ తరతరాలుగా ఎక్కడెక్కడికో పోయి డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టారు. బతకపోయినవాళ్లకు ఈ ముద్ర కూడానా? కండోమ్ లేకుండా, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లతో కలిస్తే ఈ ఊళ్లో ఉండి కూడా అంటుకుంటుంది. హెచ్‌ఐవీ దోమకాటుతో రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ఒకే బాత్రూం వాడితే రాదు. మందులు రోజూ వేసుకుని, రక్తపరీక్షలో వైరస్ కనపడనంత తగ్గి, అట్లాగే నిలబడితే, కలిసినా భార్యకో భర్తకో సోకదు. ఈ చివరి సంగతి చెబితే టీ కొట్టులో ఎవరూ నమ్మరు. అయినా చెబుతూనే ఉన్నాను.

సాయంత్రం ఐరన్ మాత్రలకు ఒక గర్భిణి వచ్చింది, ఆయన బండి మీదే కూర్చున్నాడు. చీటీ చూపించి, "ఈ సిఫిలిస్ పరీక్ష నాకెందుకు రాసిన్రక్కా? నేనేం తప్పు చెయ్యలే" అంది. గర్భిణులందరికీ చేస్తారమ్మా, హెచ్‌ఐవీకి కూడా చేస్తారు, తప్పొప్పుల లెక్క కాదన్నాను. సిఫిలిస్ కూడా లైంగికంగా అంటుకునే జబ్బే. దాని పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. పోయిందనుకుంటారు గానీ ఒంట్లోనే ఉంటుంది, ఏళ్ల తర్వాత గుండెకో మెదడుకో తగలొచ్చు. గర్భిణికి ఉండి వైద్యం జరగకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. మొదట్లో పట్టుకుంటే బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క డోసు చాలు. ఇదంతా గొంతు తగ్గించకుండానే చెప్పాను. మాత్రలకు వచ్చిన ఇద్దరు ముసలమ్మలు కూడా విన్నారు.

తర్వాత ఆయన్ని పిలిచి, మీరు కూడా చేయించుకోండి అన్నాను. కాదంటాడని గట్టిగా చెప్పడానికి సిద్ధంగా ఉన్నా. "రక్తం ఎంత తీస్తరక్కా?" అని అడిగాడు. సూదంటే భయమట. కొంచెమేనన్నాను. ఆమె నవ్వింది. రేపు పొద్దున ఇద్దరూ కలిసే పోతామన్నారు.