వేలూరు పక్కనే ఉండగా మెల్‌బోర్న్‌కు ఎందుకు వెళ్లామంటే

ముక్కు మీద వచ్చిన చర్మ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకోవడానికి నేను 2023 జూన్‌లో ఆస్ట్రేలియాకు వెళ్లి వచ్చాను. ఆ సంగతి తెలిసిన చిత్తూరు వాళ్లందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. దేశం నలుమూలల నుంచి రోగులు వెతుక్కుంటూ వచ్చే వేలూరు మనకు నలభై కిలోమీటర్ల దూరం కూడా లేదు కదా, మీరు సముద్రాలు దాటి పోవలసిన అవసరం ఏమొచ్చింది? పెళ్లి పందిట్లో నిలబడి చెప్పగలిగేంత చిన్న జవాబు నా దగ్గర లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

2020 చివరలో నా ఎడమ ముక్కుపుట పక్కన, బేసరికి కాస్త పైగా, మిరియపు గింజంత నల్లని బుడిపె కనిపించింది. బేసరి రాపిడి వల్ల వచ్చిందేమో అనుకున్నాను. మా అత్తగారు చూసి, అది పులిపిరి అని తేల్చి, సున్నంలో చాకలి సోడా కలిపి పెట్టమన్నారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నేను ఆ మాట విని రెండుసార్లు పెట్టుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తర్వాత ఊళ్లోనే ఒక వైద్యుడు ఇచ్చిన ఆయింట్‌మెంట్లతో ఏడాదికి పైగా గడిచింది. 2022లో మరొక క్లినిక్‌లో దాన్ని పులిపిరిగానే భావించి కాల్చి తీసేశారు కానీ, తీసిన ముక్కను పరీక్షకు పంపలేదు. పంపి ఉంటే నా కథ అక్కడే ముగిసేదేమో. ఆరు నెలలు తిరగకుండానే అదే చోట మళ్లీ లేచింది. ఈసారి పైన పొక్కు కట్టడం, ముఖం తుడుచుకున్నప్పుడల్లా ఆ పొక్కు రాలి రక్తం చెమ్మగిల్లడం, మానినట్టే మాని మళ్లీ రేగడం మొదలైంది. అప్పుడు వేలూరు వెళ్లాం. చర్మవైద్యురాలు భూతద్దం లాంటి చిన్న పరికరంతో చూసి, ఆ రోజే బయాప్సీ చేశారు. బేసల్ సెల్ కార్సినోమా అనే ఒక రకం చర్మ క్యాన్సర్ అని రిపోర్టు వచ్చింది.

చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు అని మనలో ఒక నమ్మకం ఉంది. మన ఒంటి రంగు ఎండ నుంచి చాలావరకు కాపాడుతుందన్నది నిజమే కానీ, అది పూర్తి రక్షణ కాదు. పైగా తెల్లవాళ్లలో ఈ గడ్డ సాధారణంగా ముత్యంలా మెరుస్తూ గులాబీ రంగులో కనబడితే, మన చర్మం మీద చాలాసార్లు నల్లగా ఉండి పుట్టుమచ్చగానో పులిపిరిగానో మోసం చేస్తుంది. ఇది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. అయితే వదిలేస్తే ఉన్నచోటే లోతుకు దిగి, మృదులాస్థిని, చివరికి ఎముకను కూడా తినేస్తుంది. పాత ఇంగ్లీషు వైద్యులు దీనిని ఎలుక పుండు అని పిలిచింది అందుకే. ముక్కు మీద కోసి పారేయడానికి అదనపు చర్మం ఉండదు కనుక, గడ్డను పొరలు పొరలుగా తీస్తూ అంచులను అప్పటికప్పుడే పరీక్షించే మోస్ పద్ధతిలో శస్త్రచికిత్స చేయించుకుంటే మంచిదని, ఒకసారి తీశాక తిరిగి వచ్చిన గడ్డకు అది మరింత తగినదని వేలూరు డాక్టరు చెప్పారు. విదేశాలకు వెళ్లమని మాత్రం ఆమె అనలేదు. ఆ మాట అన్నది మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా పెద్దమ్మాయి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 2021 మే నెలలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో, మా ఆయనకు తిరుపతిలో బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఆస్ట్రేలియా 2020 మార్చిలో మూసిన సరిహద్దులను అప్పటికి తెరవలేదు, అక్కడి నుంచి బయటికి వెళ్లడానికి కూడా అనుమతి కావాలి, వెళ్లినవాళ్లు తిరిగి ఎప్పుడు రాగలరో తెలియదు. ఇక మెల్‌బోర్న్‌లోనైతే విడతలు విడతలుగా మొత్తం 262 రోజుల లాక్‌డౌన్ నడిచింది. చంటిపిల్లతో ఉన్న మా అమ్మాయి తన తండ్రిని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోవడాన్ని ఫోన్ తెరమీద చూసింది. మేమందరం ఆ సంగతి మరచిపోయాం. ఆమె మరచిపోలేదని నాకు తెలిసింది నా రిపోర్టు వచ్చిన రాత్రే. "అమ్మా, ఈసారి నేను ఫోన్‌లో చూడను. నువ్వన్నా ఈడికి రా, లేదంటే నేను ఉద్యోగం వదిలేసి ఆడికి వస్తా" అంది. అక్కడ ఈ ఆపరేషన్ నిత్యం జరుగుతుందని, ఆస్ట్రేలియన్లలో ప్రతి ముగ్గురిలో కనీసం ఇద్దరికి డెబ్బై ఏళ్ల లోపు ఏదో ఒక చర్మ క్యాన్సర్ వస్తుందని లెక్కలు కూడా చెప్పింది. లెక్కలు నిజమే. కానీ నన్ను కదిలించింది లెక్కలు కావు.

మా ఆయనకు ఇది ఒక పట్టాన నచ్చలేదు. జూన్ అంటే తోతాపురి మామిడి కోతల కాలం. తోట చూసుకుంటానని మా మరిది, అత్తగారి దగ్గర ఉంటానని మా ఆడపడుచు ముందుకు రాకపోతే మేము ఇల్లు కదిలేవాళ్లం కాదు. డబ్బు విషయం కూడా దాచకుండా చెబుతాను. మన దేశం నుంచి వెళ్లే సందర్శకులకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకమైన మెడికేర్ వర్తించదు, ముందే ఉన్న జబ్బుకు ప్రయాణ బీమా పనికి రాదు. ఆస్ట్రేలియా డాలరు అప్పుడు 55 రూపాయల దగ్గర ఉంది. నా పదవీ విరమణ సొమ్ములో కొంత పోయింది, మిగతాది అమ్మాయి, అల్లుడు కలిసి పెట్టుకున్నారు. అల్లుడి చేత ఖర్చు పెట్టించడం మా ఆయనకు ఇప్పటికీ మింగుడు పడని విషయం.

వైద్యం కోసం వెళ్లేవారికి అక్కడ 602 అనే ప్రత్యేక వీసా ఉంది. దానికి ఏ తేదీన ఏ చికిత్స చేస్తారో తెలిపే డాక్టరు లేఖ, ఖర్చు అంచనా, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో చూపే కాగితాలు కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనవి బయాప్సీ గాజు స్లైడులు, వాటితోపాటు ఇచ్చే, తీసిన ముక్కను పొదిగిన మైనపు దిమ్మెలు. వాటిని పెద్ద పెట్టెల్లో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకోవాలి. చెన్నై నుంచి సింగపూర్ మీదుగా వెళ్లినంతసేపూ నేను ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు. మామిడిపండ్లు తీసుకుపోకూడదని ఎన్నిసార్లు చెప్పినా వినని మా ఆయన, చివరికి నిప్పట్లతో సరిపెట్టుకుని, వాటిని విమానాశ్రయంలో దొంగసొత్తులా భయపడుతూ చూపించి బయటపడ్డారు.

ఆపరేషన్ రోజు ఉదయం ఎనిమిదింటికల్లా వెళ్లాం. మత్తులో పడుకోబెట్టరు, ముక్కుకు మాత్రమే మొద్దుబారే సూదులు వేస్తారు. మొత్తం వ్యవహారంలో నిజంగా నొప్పి పెట్టింది ఆ సూదులే. తర్వాత గడ్డను, దాని కింద పల్చటి పొరను ఏటవాలుగా కోసి తీసి, దాని అంచులకు రంగులు పూసి, ముక్కు బొమ్మ గీసిన పటం మీద ఏ రంగు ఏ దిక్కో గుర్తు పెట్టుకున్నారు. ఆ పొరను గడ్డకట్టించి, సన్నగా కోసి, కోసిన సర్జనే సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అంచుల్లో ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే, పటం చూసి సరిగ్గా ఆ చోటు నుంచే మరో పొర తీస్తారు. అల్లుడు ఇదంతా తెలుగులో వివరిస్తుంటే మా ఆయన శ్రద్ధగా విని, "ఇది పొలం కొలిచినట్టే ఉందే. ఆక్రమణ ఎంతవరకుందో హద్దురాళ్లు చూసి అంతవరకే తీస్తారన్నమాట" అన్నారు. ఇంతకంటే బాగా నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. 1930లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ అనే వైద్యుడు ఈ పద్ధతిని మొదలు పెట్టాడట. అప్పట్లో చర్మానికి జింక్ క్లోరైడ్ లేపనం పూసి, కణజాలం గట్టిపడ్డాక కోసేవాడట.

ఒక్కో విడతకు గంటకు పైగా పట్టింది. ఆ గంటలన్నీ కట్టు కట్టుకుని బయట గదిలో కూర్చోవాలి. అక్కడ ముక్కులకో చెవులకో కట్లున్న తెల్ల ముసలివాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు, నల్లదాన్ని నేనొక్కదాన్నే. మొదటి విడతలో రెండు చోట్ల మిగిలిందన్నారు, రెండో విడతలో ఒక చోట. మూడోసారి లోపలికి పిలిచినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏదైనా ధైర్యం చెబుతుందేమో అని చూశాను. ఏమీ చెప్పలేదు, గోరింట పెట్టినప్పటిలా నా వేళ్లు విడదీసి ఒక్కొక్కటే పట్టుకుంది. మధ్యాహ్నం రెండింటికి అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని చెప్పారు.

మిరియపు గింజంత కనబడిన దానికి మిగిలింది పావలా బిళ్లంత గుంట. చెంప మీది చర్మాన్ని పూర్తిగా వేరు చేయకుండా పక్కకు తిప్పి దాన్ని కప్పారు. ముక్కు కోల్పోయినవారికి ఆకుతో కొలత తీసుకుని చెంప నుంచి చర్మం తెచ్చి అతకడం శుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మంతో ముక్కు చేసే పద్ధతి మన పుణే ప్రాంతంలో చూసిన ఆంగ్లేయుల ద్వారా 1794లో లండన్ పత్రికకెక్కింది. ఇంత దూరం వెళ్లి మనవాళ్ల విద్యనే వేయించుకొచ్చావా అని మా తమ్ముడు ఇప్పటికీ ఆట పట్టిస్తాడు.

తర్వాతి పది రోజులు తలగడలు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, కన్ను వాచి మూసుకుపోవడం, నమలడానికి భయపడి రాగిజావతో గడపడం వంటివే. అల్లుడు రోజూ రెండు పూటలా గాయం కడిగి మందు రాసేవాడు. అల్లుడి చేత అలాంటి సేవ చేయించుకోవడానికి నేను మొదటి రోజు ఒప్పుకోలేదు. అమ్మాయి చేతులు వణుకుతుండడం చూశాక ఒప్పుకున్నాను. నాలుగేళ్ల మనవరాలు మాత్రం ఏమీ సంకోచించకుండా, "అవ్వా, నువ్వు టోపీ పెట్టుకోలేదు, అందుకే" అని తీర్పు చెప్పింది. టోపీ లేని పిల్లలను అక్కడి బడుల్లో ఎండలో ఆడుకోనివ్వరు.

ఇప్పుడు ఆ పిల్ల ఏరిచ్చిన టోపీ పెట్టుకునే తోటకు వెళుతున్నాను. చూసినవాళ్లు నవ్వుతారు. ఎడమ ముక్కున బేసరి రంధ్రం పోయింది. మా అత్తగారు సోడా సున్నం మాట మళ్లీ ఎత్తలేదు కానీ, కంసాలిని ఇంటికి పిలిపించి కుడివైపు కుట్టించారు. ఏడాదికోసారి చూపించుకోవడం వేలూరులోనే. మెల్‌బోర్న్ కాగితాలు చూసిన డాక్టరు, ఇదే పని తామూ చేసి ఉండేవాళ్లమని మర్యాదగానే అన్నారు. నేను కాదనలేదు. మొన్నటి పరీక్షకు అమ్మాయి రాలేకపోయింది, ఫోన్‌లో చూస్తాలే అని తనే అంది.